ఇంట్లో ఒకరికి అంటువ్యాధి: ఈ సీసాల్లో పనిచేసేవేవి, పరిమళంతో సరిపెట్టేవేవి

"99.9 శాతం క్రిములు హతం" అని అట్ట మీద లేని డిసిన్ఫెక్టెంట్ సీసా దొరకడం కష్టం. ఆ మాట అబద్ధమేమీ కాదు. కానీ మనం అనుకునే అర్థం దానికి లేదు. పది లక్షల వైరస్ కణాలున్న చోట 99.9 శాతం చచ్చినా ఇంకా వెయ్యి మిగులుతాయి. నోరోవైరస్ లాంటి వాంతులు, విరేచనాల జబ్బులో మనిషిని పడకేయించడానికి పదుల సంఖ్యలో కణాలు చాలు. పైగా ఆ 99.9 ఏ క్రిమి మీద వచ్చిందో, మందు ఎన్ని నిమిషాలు తడిగా ఉంటే వచ్చిందో ముందువైపు చెప్పరు. అది సీసా వెనక, కళ్లు చికిలించి చదవాల్సిన అక్షరాల్లో ఉంటుంది. కొనేముందు సీసా తిప్పి చూడాల్సింది అందుకే. మేం వీటికి మార్కులు వేసింది కూడా వెనకవైపు చదివాకే.

మందు పేరుకన్నా ముందు జబ్బు పేరు కావాలి. వైరస్‌లు స్థూలంగా రెండు రకాలు. ఫ్లూ, కరోనా లాంటి వాటికి పైన కొవ్వు పొర ఉంటుంది. ఆ పొర చిరిగితే వైరస్ పనైపోయినట్టే, దాన్ని చింపడానికి మామూలు సబ్బు నీళ్లే చాలు. నోరోవైరస్, హెపటైటిస్ ఏ, పిల్లలకు చేతులు, కాళ్లు, నోట్లో పొక్కులు తెచ్చే ఎంటెరోవైరస్‌లు, కళ్లకలక తెచ్చే అడినోవైరస్‌ల సంగతి వేరు. వాటికి ఆ పొరే లేదు, ఉన్నదంతా గట్టి ప్రొటీన్ పెంకు. సబ్బు వాటిని చంపదు, కడిగి పక్కకు తోస్తుంది, అంతే. చాలా సుగంధ స్ప్రేలు బోల్తా పడేది ఈ రెండో రకం దగ్గరే. వీటిని మించిన మొండివి క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా స్పోర్‌లు, అంటే గట్టి తొడుగులో నిద్రపోతూ ఉండే దాని రూపాలు. యాంటీబయాటిక్స్ వాడాక కొందరికి పట్టుకునే తీవ్రమైన విరేచనాలకు కారణం ఇవే. ఆల్కహాల్‌ను ఇవి లెక్కచేయవు.

తట్టు, క్షయ గాలిలో వ్యాపించే జబ్బులు. తట్టు వచ్చిన మనిషి గది వదిలి వెళ్లాక కూడా రెండు గంటల వరకు వైరస్ ఆ గాలిలో ఉండగలదు. అలాంటి ఇంట్లో రోజంతా గోడలు తుడిచినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. అక్కడ కావాల్సింది తెరిచిన కిటికీ. కరోనా విషయంలోనూ వస్తువులను ముట్టుకోవడం వల్ల అంటుకునే అవకాశం చాలా తక్కువని 2021 నాటికి తేలిపోయింది. అప్పట్లో కూరగాయల సంచులను కూడా కడిగిన ఓపికను ఇప్పుడు కుళాయి పిడి, కమోడ్ ఫ్లష్ మీటల మీద పెడితే చాలు.

క్లోరిన్ బ్లీచ్: అనాకారి, కానీ పనిమంతురాలు

మా ఓటు దీనికే. ఘాటు వాసన, బట్టల మీద మచ్చలు, కొలతల తలనొప్పి అన్నీ ఉన్నాయి. అయినా కొవ్వు పొర ఉన్న వైరస్, లేని వైరస్, బ్యాక్టీరియా, గాఢత పెంచితే స్పోర్‌లు, అన్నిటి మీదా పనిచేసే మందు ఇంత సులువుగా ఇంకోటి దొరకదు. వాంతులు, విరేచనాల ఇంట్లో ఇది తప్ప మిగతావన్నీ సహాయ పాత్రలే.

కొనేటప్పుడు వెనక "సోడియం హైపోక్లోరైట్" అన్న మాట పక్కన శాతం ఉందో లేదో చూడండి. ఇంటి అవసరానికి అమ్మే బ్లీచ్‌లో సాధారణంగా 4 నుంచి 8 శాతం దాకా ఉంటుంది. శాతం రాయని సీసాను అక్కడే పెట్టేయండి. ఎంత నీళ్లు కలపాలో తెలియని బ్లీచ్‌తో ఇల్లు తుడవడమంటే చీకట్లో బాణం వేయడమే. చిందకుండా ఉండేందుకు చిక్కగా తయారుచేసిన రకాల మీద చాలావాటికి డిసిన్ఫెక్టెంట్ అన్న మాటే ఉండదు, ఎందుకంటే అవి బట్టల తెలుపు కోసం చేసినవి. "రంగు బట్టలకు హాని చేయదు" అని రాసినవి చాలావరకు అసలు క్లోరినే కాదు, ఆక్సిజన్ బ్లీచ్. ఉతకడానికి మంచివే గానీ ఈ లెక్కలు వాటికి వర్తించవు.

లెక్క చిన్నదే. సీసా మీది శాతాన్ని మనకు కావాల్సిన శాతంతో భాగించి, వచ్చిన దాంట్లోంచి ఒకటి తీసేయండి. ఒక వంతు బ్లీచ్‌కు అన్ని వంతుల నీళ్లు. సీసాలో 5 శాతం ఉంది, మనకు 0.1 శాతం కావాలి అనుకుంటే, 5ని 0.1తో భాగిస్తే 50, ఒకటి తీసేస్తే 49. అంటే 20 మిల్లీలీటర్ల బ్లీచ్ పోసి, మొత్తం లీటరు అయ్యేదాకా నీళ్లు నింపాలి. తలుపు పిడులు, స్విచ్‌బోర్డులు, మంచం పక్క బల్ల, బాత్‌రూమ్ నేల లాంటి రోజువారీ తుడుపుకు ఈ 0.1 శాతం సరిపోతుంది. వాంతి, విరేచనం, రక్తం పడిన చోట 0.5 శాతం కావాలి. అదే 5 శాతం సీసా నుంచైతే లీటరు మొత్తంలో 100 మిల్లీలీటర్లు. సీసా 4 శాతమైతే 20 బదులు 25, 100 బదులు 125 పడతాయి. "ఒక మూత" అని కొలవద్దు. మూతలు ఒక్కో సీసాకు ఒక్కోలా ఉంటాయి. దగ్గుమందు సీసాతో వచ్చే గీతల కొలమూత గానీ సూది లేని సిరంజి గానీ ఒకటి ఈ పనికే కేటాయించి పెట్టుకోండి.

ఎంతసేపు ఉంచాలన్న దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. తుడిచిన చోటు తడిగా ఉన్నంతసేపే మందు పనిచేస్తుంది, ఆరిందంటే ఆగినట్టే. మామూలు తుడుపుకు కనీసం ఒక నిమిషం, నోరోవైరస్ అనుమానం ఉంటే ఐదు నిమిషాలు, స్పోర్‌లకు 0.5 శాతంతో పది నిమిషాలు. ఫ్యాన్ కింద నేల రెండు నిమిషాల్లో ఆరిపోతే మళ్లీ తడపాల్సిందే. గట్టిగా పిండిన గుడ్డతో ఈ పని అవదు. గుడ్డ నుంచి చుక్క కారకూడదు, కానీ అది వెళ్లిన చోట తడి మెరుపు కనిపించాలి.

బ్లీచ్‌కు ఉన్న పెద్ద బలహీనత మురికి. క్లోరిన్‌కు తన, పర భేదం లేదు, ముందు ఏది తగిలితే దాంతోనే కలిసి ఖర్చైపోతుంది. వాంతి మరక మీద నేరుగా బ్లీచ్ పోస్తే ఆ మరకతోనే దాని పని ముగుస్తుంది, కింద ఉన్న వైరస్ హాయిగా ఉంటుంది. కాబట్టి ముందు సబ్బు నీళ్లతో కడిగి, మామూలు నీళ్లతో సబ్బు వదిలించి, ఆ తర్వాతే బ్లీచ్. ఒకే బకెట్‌లో సబ్బు, బ్లీచ్ కలిపి "ఒక్క దెబ్బకు రెండు పిట్టలు" అనుకునేవాళ్లు చాలామంది. అక్కడ రెండు పిట్టలూ ఎగిరిపోతాయి. సబ్బులో ఏముందో తెలియకపోతే ప్రమాదం కూడా.

నీళ్లు కలిపిన బ్లీచ్ ఒక్క రోజుకే. నిన్నటి నీళ్లు చూడ్డానికి ఇవాళ్టివాటిలాగే ఉంటాయి, వాసన కూడా కొంత మిగిలే ఉంటుంది, బలం మాత్రం తగ్గిపోయి ఉంటుంది. వాసన బలానికి కొలత కాదు. వేడి నీళ్లు పోస్తే ఇంకా తొందరగా చెడుతుంది, చల్లని నీళ్లే వాడండి. మూత తీయని సీసా కూడా నెలలు గడిచేకొద్దీ, ముఖ్యంగా ఎండ, వేడి తగిలే చోట, బలం కోల్పోతుంది. తయారీ తేదీ దాటి ఏడాదైన సీసాను జబ్బు మనిషి ఉన్న ఇంట్లో నమ్ముకోవద్దు. అనుమానముంటే క్లోరిన్ కొలిచే కాగితపు పట్టీలు దొరుకుతాయి, ముంచి రంగు పోల్చుకోవడమే. ఈతకొలనుల కోసం అమ్మే పట్టీలు మాత్రం పనికిరావు. అవి చాలా తక్కువ క్లోరిన్‌ను కొలిచేవి, ఇంత గాఢతలో రంగే వెలిసిపోవచ్చు.

స్టీలు, అల్యూమినియం మీద ఎక్కువసేపు వదిలేస్తే చిన్న చిన్న గుంటలు పడతాయి. చెప్పిన నిమిషాలు అయ్యాక తడిగుడ్డతో తుడిచేయండి. ఉన్ని, పట్టు మీదకు అసలు పోనివ్వద్దు, దారమే తినేస్తుంది. రంగు బట్ట మీద పడిన చుక్క ఇక మచ్చే.

దీనికి తోబుట్టువులు రెండున్నాయి. ఒకటి బ్లీచింగ్ పౌడర్. మంచి పౌడర్‌లో 30 నుంచి 35 శాతం క్లోరిన్ ఉంటుంది. లీటరు నీళ్లకు 3 గ్రాములు కలిపితే సుమారు 0.1 శాతం, 15 గ్రాములైతే సుమారు 0.5. కలిపాక సున్నం అడుగుకు దిగేదాకా ఆగి, పైన తేరిన నీళ్లే వంచుకోవాలి. లేకపోతే నేలంతా తెల్లటి చారలే, స్ప్రే సీసాలో పోస్తే మూతి పూడుకుపోతుంది. సంచి విప్పి తేమలో వదిలేస్తే గడ్డకట్టిన పొడి మిగులుతుంది, అందులో సున్నమే తప్ప క్లోరిన్ ఉండదు. రెండోది సోడియం డైక్లోరో ఐసోసయనూరేట్ మాత్రలు. ఒక్కో మాత్రలో ఎంత క్లోరిన్ ఉందో పెట్టె మీద ఉంటుంది, లీటరు నీళ్లలో ఒక గ్రాము క్లోరిన్ పడితే 0.1 శాతం. పొడిగా ఉన్నంతకాలం ద్రవ బ్లీచ్ కన్నా చాలా ఎక్కువ రోజులు నిలుస్తాయి, కొలత తప్పే అవకాశమూ తక్కువ. అరుదుగా అవసరపడే ఇంట్లో సీసాకన్నా ఇవే మేలు. పిప్పరమెంట్లలా కనిపిస్తాయి కాబట్టి పిల్లలకు అందని పై అరలోనే ఉండాలి.

ఇక కలపకూడనివి. కమోడ్ కడిగే చాలా ద్రవాల్లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. దాని మీద బ్లీచ్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్‌రూమ్‌లో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. వెనిగర్‌తోనూ అంతే. అమోనియా ఉన్న అద్దాల క్లీనర్‌తో క్లోరమైన్ పొగలు వస్తాయి. మూత్రంలోనూ కొంత అమోనియా ఉంటుంది గనుక ఫ్లష్ చేయని కమోడ్‌లో బ్లీచ్ పోయొద్దు. శానిటైజర్‌తో కలిపితే క్లోరోఫాం లాంటివి తయారవుతాయి. కలపకపోయినా, పొద్దున ఆమ్లంతో కడిగి సరిగా నీళ్లు కొట్టని కమోడ్‌లో మధ్యాహ్నం బ్లీచ్ పోస్తే జరిగేది అదే. ఈ ప్రమాదం ఎక్కువగా ఇలాగే వస్తుంది. ఘాటు తగలగానే చేస్తున్నది అక్కడే వదిలి బయటికి నడవండి, కడిగేద్దామని అక్కడే నిలబడొద్దు.

ఆల్కహాల్: చిన్న వస్తువులకు పెద్ద దిక్కు

ఫోను, థర్మామీటర్, టీవీ రిమోట్, కళ్లద్దాలు, తాళంచెవులు. నీళ్లు తగలకూడని వీటికి 70 శాతం ఇథనాల్ గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ సరైన మందు. 70కన్నా 99 శాతం మేలనుకోవడం పొరపాటు. నీళ్లు బొత్తిగా లేని ఆల్కహాల్ ప్రొటీన్‌ను సరిగా విరచలేదు, పైగా క్షణంలో ఆవిరైపోతుంది. గుడ్డ తడిపి తుడవండి, నేరుగా ఫోను మీద కొట్టొద్దు. ఛార్జర్ తీసేసి, కనీసం అర నిమిషం తడి కనిపించేలా రుద్దాలి.

నేలకు, పెద్ద బల్లలకు ఇది వద్దు. తడి నిలవదు, పైగా నిప్పంటుకునే ఆవిరి గదంతా నిండుతుంది. నోరోవైరస్, హెపటైటిస్ ఏ ఉన్న ఇంట్లో శానిటైజర్ రాసుకుని చేతులు శుభ్రమయ్యాయనుకోవడం కూడా తప్పే. అక్కడ సబ్బు, పారే నీళ్లు, ఇరవై సెకన్లు. సబ్బు వాటిని చంపదని పైనే అన్నాం కదా. నిజమే, కానీ చేతి మీంచి డ్రైనేజీలోకి పంపిస్తుంది, కావాల్సిందీ అదే.

సుగంధ స్ప్రేలు, ఫ్లోర్ క్లీనర్లు

వీటిలో ఎక్కువవాటికి అసలు మందు బెంజాల్కోనియం క్లోరైడ్ లాంటి క్వాటర్నరీ అమోనియం సమ్మేళనాలు. పేరులో క్లోరైడ్ ఉంది కదా అని ఇది క్లోరిన్ బ్లీచ్ చుట్టమేమీ కాదు. ఉప్పులోనూ క్లోరైడే ఉంది. ఫ్లూ, కరోనా మీద బాగానే పనిచేస్తుంది. వాసన బాగుంటుంది, లోహాన్ని తినదు, బట్టల రంగు పోదు. జలుబు, దగ్గు ఉన్న ఇంట్లో రోజువారీ తుడుపుకు ఇది చాలు, గోటితో పోయేదానికి గొడ్డలి అక్కర్లేదు.

చిక్కులు మూడు. చాలా సీసాల వెనక పది నిమిషాలు తడిగా ఉంచాలని ఉంటుంది, కొట్టి వెంటనే తుడిచేస్తే వాసన ఒక్కటే దక్కుతుంది. రెండోది, సబ్బు దీనికి శత్రువు. దీని విద్యుదావేశం ధనం, సబ్బుది రుణం, రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని పనికిరాకుండా పోతాయి. సబ్బుతో కడిగితే నీళ్లతో పూర్తిగా వదిలించాకే ఇది. మూడోది కాస్త వింత. నూలు గుడ్డ ఈ మందును తన దారాల్లోకి లాగేసుకుంటుంది, బల్ల మీదకు వచ్చేది పలచబడిన నీళ్లే. పాత నూలు బనియన్ ముక్కతో కాకుండా సింథటిక్ గుడ్డతో తుడవండి. పెంకు వైరస్‌ల దగ్గర మాత్రం సీసా మీద నోరోవైరస్ పేరు రాసి ఉంటే తప్ప దీన్ని నమ్మొద్దు. యూరప్ ప్రమాణాల ప్రకారం అమ్మే సీసాల మీద ఈఎన్ 14476 అని ఉంటుంది, అది వైరస్‌ల మీద చేసే పరీక్ష నంబరు. ఆ నంబరొక్కటే చూసి కొనేయొద్దు. కొన్నింటికి పక్కనే "ఎన్వలప్ ఉన్న వైరస్‌లకు మాత్రమే" అన్న తోక ఉంటుంది. ఎన్వలప్ అంటే పైన చెప్పిన కొవ్వు పొరే. ఆ తోకే అసలు సంగతి.

పాల తెలుపు నీళ్లు, ఫినాయిల్, వెనిగర్

నీళ్లలో పోయగానే పాలలా మారే యాంటిసెప్టిక్ ద్రవాన్ని చూస్తే చాలామందికి ధైర్యం. ఆ తెలుపు క్రిములు చస్తున్న గుర్తు కాదు, నూనె నీళ్లలో చెదిరిన గుర్తు. అసలు మందు క్లోరోజైలినాల్, ఇలాంటి ద్రవాల్లో 4.8 శాతం ఉండటం మామూలు. చర్మం మీది చాలా బ్యాక్టీరియాకు పనికొస్తుంది, నోరోవైరస్‌కు పనికిరాదు. పిల్లి ఉన్న ఇంట్లో ఈ ఫీనాల్ రకాలు వాడకపోవడమే మంచిది. వాటి కాలేయం వీటిని అరిగించలేదు, తడి నేల మీద నడిచిన కాళ్లు నాకితే విషమే.

తెల్ల ఫినాయిల్‌లో ఉండేది ప్రధానంగా పైన్ నూనె. రోజూ ఇల్లు తుడుచుకోవడానికి సరే, జబ్బు గదికి కాదు. వెనిగర్, వంటసోడా గురించి ఒక్క మాట: అవి డిసిన్ఫెక్టెంట్లు కావు.

హైడ్రోజన్ పెరాక్సైడ్

బ్లీచ్ వాసన పడనివాళ్లకు, ఉబ్బసం ఉన్న ఇంటికి ఇదే ప్రత్యామ్నాయం. పని అయ్యాక నీళ్లు, ఆక్సిజన్‌గా విడిపోతుంది, ఘాటుండదు. మందుల షాపు 3 శాతం సీసాను యథాతథంగా, నీళ్లు కలపకుండా, పది నిమిషాల పైనే తడిగా ఉంచాలి. ఇతర సహాయక రసాయనాలతో తయారుచేసిన కొత్త రకాలు 0.5 శాతానికే ఐదు నిమిషాల లోపు పని ముగిస్తాయి, వాటి వెనక నోరోవైరస్ పేరు కూడా తరచూ కనిపిస్తుంది. ముదురు రంగు సీసాలోంచి పారదర్శకమైన స్ప్రే సీసాలోకి మార్చొద్దు, వెలుతురు తగిలితే చెడుతుంది. వెనిగర్‌తో ఒకే సీసాలో కలపొద్దు, కళ్లు, గొంతు మండించే పెరాసిటిక్ ఆమ్లం తయారవుతుంది.

వైప్స్, యూవీ లైట్లు

వైప్ తీసి తలుపు పిడి మీద ఒకసారి తిప్పి, గడియారం చూడండి. చాలాసార్లు నిమిషం తిరగకుండానే పిడి ఆరిపోయి ఉంటుంది. డబ్బా వెనక నాలుగు నిమిషాలని ఉంటే, ఆ పిడికి ఒకటి కాదు, రెండు మూడు వైప్‌లు పట్టాలి. ఒకే వైప్‌తో పిడి, స్విచ్, బల్ల, రిమోట్ వరసగా తుడుచుకుంటూ పోవడమంటే క్రిములను ఊరేగించడమే. డబ్బా మూత సరిగా పడకపోతే నాలుగు రోజుల్లో పైవి ఎండుతాయి. ప్రయాణంలో, మంచం పక్కన, ఒక చిన్న చోటికి బాగు. ఇల్లంతటికీ వద్దు.

చేతిలో పట్టుకుని ఊపే యూవీ కర్ర కొనొద్దు. యూవీ-సి అనే అతినీలలోహిత వెలుగు సూటిగా, తగినంత దగ్గరగా, తగినంతసేపు పడితేనే పనిచేస్తుంది. నీడ పడిన చోట, దుమ్ము కింద, బట్ట మడతలో శూన్యం. కర్రను గబగబా ఊపుతూ పోతే ఎంత మోతాదు పడిందో తెలిసే దారి లేదు. నిజంగా బలమున్న దీపమైతే కళ్లు, చర్మం కాలతాయి. బలం లేనిదైతే అది నీలం లైటు.

ఇంటికొచ్చి పొగ కొట్టే సర్వీసు

తెల్ల సూట్లు, వీపున యంత్రం, గదంతా మంచులాంటి పొగ. తీరా చేసేది కొండంత రాగం తీసి లల్లాయి పాట పాడటం. పొగ గాల్లోంచి పలచగా దిగుతుంది, బల్ల పైభాగం మీద కొంత పడుతుంది, పిడి అడుగుభాగానికి, కమోడ్ అంచు కిందికి చేరదు. ముందు ఎవరూ కడగలేదు గనుక మురికి కింద ఉన్నది అలాగే ఉంటుంది. ఇళ్లలో ఇలా స్ప్రే చేయడం, పొగపెట్టడం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే చెప్పింది. మనుషుల మీద కొట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదంది.

అయినా ఎవరినైనా పిలవాల్సి వస్తే, ముందు చేత్తో కడిగి తుడుస్తారా, ఏ మందు, ఎంత శాతం, ఎంతసేపు తడి అని అడగండి. "హాస్పిటల్ గ్రేడ్ అండీ" అన్న జవాబు జవాబు కాదు. సీసా చూపించమనండి. లేబుల్ చింపిన క్యాన్ తెస్తే గుమ్మంలోంచే పంపించేయండి. మళ్లీ ఎప్పుడు గదిలోకి వెళ్లొచ్చో రాసివ్వలేని సర్వీసుకు కూడా అదే దారి.

ఒక వాంతి, ఒక గది

ఏ మందు కొన్నా దాని అసలు పరీక్ష ఇక్కడే. అందుకే ఈ ఒక్కదాన్ని వివరంగా.

మిగతావాళ్లను గది నుంచి పంపి, కిటికీ తెరవండి. ఫ్యాన్ ఆపండి, లేకపోతే తుంపరలను గదంతా చల్లుతుంది. గ్లవ్స్, మాస్కు వేసుకుని, వాంతి మీద మందంగా కాగితపు టవళ్లు గానీ పాత గుడ్డలు గానీ పరిచి పీల్చనివ్వండి. బయటి అంచు నుంచి లోపలికి మడుస్తూ ఎత్తి సంచిలో వేసి మూతి కట్టండి. చీపురు, వాక్యూమ్ వద్దు, రెండూ గాల్లోకి లేపుతాయి. సబ్బు నీళ్లతో కడిగి తుడిచాక 0.5 శాతం బ్లీచ్‌ను మెల్లగా పోయండి, స్ప్రే చేయొద్దు. మచ్చ కనిపించిన మేరే కాదు. వాంతి ఎత్తునుంచి పడితే కంటికి కనిపించని తుంపరలు మీటర్ల దూరం వెళతాయి, కాబట్టి చుట్టూ ఉన్న నేల, మంచం కోళ్లు, గోడ కింది భాగం కూడా. ఐదు నిమిషాలకు తక్కువ కాకుండా ఉంచి, నీళ్లతో తుడిచి, గ్లవ్స్ లోపలి వైపు బయటికి వచ్చేలా తీసి అదే సంచిలో వేసి, సబ్బుతో చేతులు కడగండి.

పరుపు మీద, సోఫా మీద పడితే బ్లీచ్ దారి మూసుకున్నట్టే, రంగు పోతుంది. అక్కడ ఆవిరి యంత్రం పనికొస్తుంది. 70 డిగ్రీల వేడి ఐదు నిమిషాలు, లేదా 100 డిగ్రీల ఆవిరి ఒక నిమిషం ఒకే చోట నిలవాలి. ఇస్త్రీపెట్టెలా జారుస్తూ పోతే ఆ వేడి లోపలికి దిగదు.

పక్కబట్టలు, దిండు గలేబులు దులపొద్దు, చుట్టచుట్టి నేరుగా యంత్రంలోకి. మలం అంటితే ముందు దాన్ని తీసేయాలి. 60 డిగ్రీలు లేదా అంతకుమించిన నీళ్లు, మామూలు డిటర్జెంట్ చాలు. యంత్రాన్ని కుక్కి నింపితే నీళ్లు తిరగవు, ముప్పాతిక వంతు చాలు. చేత్తో ఉతికేవాళ్లు, వేడి నీళ్లు కుదరకపోతే, సబ్బుతో ఉతికి జాడించిన తెల్ల నూలు బట్టలను 0.05 శాతం బ్లీచ్‌లో, అంటే 5 శాతం సీసాతో లీటరుకు 10 మిల్లీలీటర్లు, అరగంట నానబెట్టి మళ్లీ జాడించి ఎండలో ఆరేయొచ్చు. గజ్జి అయితే బట్టలకు ఈ డిసిన్ఫెక్టెంట్ సీసాల ఊసే అక్కర్లేదు. వేడి నీళ్లలో ఉతకలేని బట్టలను సంచిలో మూతి కట్టి వారం పక్కన పెడితే పురుగులు తిండి లేక చస్తాయి.

తుడిచే వరస కూడా పట్టించుకోవాలి. శుభ్రమైన చోటు నుంచి మురికి చోటికి, పైనుంచి కిందికి. కమోడ్ చివరన. గుడ్డను రెండుసార్లు మడిచి నాలుగు పొరలు చేస్తే, అటూ ఇటూ మడత మార్చుకుంటూ ఎనిమిది ముఖాలు వాడుకోవచ్చు. ఒక ముఖం ఒక చోటికి, వాడిన ముఖాన్ని మళ్లీ మందులో ముంచొద్దు. బకెట్లు రెండు, ఒకటి మందుకు, ఒకటి జాడించడానికి. ఒక్కటే అయితే మూడో ముంపుకే మందు మురికినీళ్లవుతుంది.

నోరోవైరస్ అయితే మనిషి లేచి తిరుగుతున్నాక కూడా రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, మలంలో వైరస్ పోతూనే ఉంటుంది. జ్వరం తగ్గిన రోజే బ్లీచ్ సీసా అటకెక్కించేస్తారు చాలామంది. అన్నాళ్లూ కమోడ్ సీటు, ఫ్లష్ మీట, కుళాయి పిడి, తలుపు గడియ, ఈ నాలుగింటికైనా రోజుకోసారి 0.1 శాతం పడాలి. తుడుపుకర్ర గుడ్డను మాత్రం ప్రతిసారీ సబ్బుతో ఉతికి, అరగంట మందులో నానబెట్టి, జాడించి, బకెట్‌లో వదిలేయకుండా తల పైకి పెట్టి ఆరబెట్టండి. తడిగా మూలన వదిలేస్తే మర్నాడు ఇల్లంతా పూసేది అదే.